డంకన్ గారికి పెట్టిన కృతజ్ఞత కూడిక

ఆ నీలం పెట్టె డొనేషన్ కుప్పలో వేశావేంటమ్మా దెబోరా? ఇటియ్యి. చక్రాలు లేవని తెలుసులే, ఆ రోజుల్లో పెట్టెలకి చక్రాలెక్కడివి, మోసుకోవడమే. నాది కాదు, డంకన్ గారిది. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. కూర్చో కాసేపు, స్టోర్‌రూమ్ ఎక్కడికీ పారిపోదు. ఈ చర్చి మనం కొనకముందు అమెరికన్ల సంఘానిది కదా, వాళ్ళ కేర్‌టేకర్ ఆయన. స్కాట్లండ్ మనిషి. డెబ్బై ఆరులోనో ఏడులోనో మనకి ఆదివారం మధ్యాహ్నాలు ఈ బేస్‌మెంట్ వాడుకోనిచ్చారు. అప్పటికి ఈ అరోరా ఊరంతా వెతికితే మన తెలుగు క్రైస్తవులం పదకొండు కుటుంబాలం. మా ఆవిడ విమల నర్సు, నేను డ్రాఫ్ట్స్‌మన్ని. ప్రార్థన కూడిక మూడింటికైతే ఆయన ఒంటిగంటకే వచ్చి బాయిలర్ వేసేవాడు. ఎందుకండీ ఇంత ముందు అంటే, "మీరు ఎండలో పుట్టినవాళ్ళు, ముందు గోడలు వేడెక్కాలి" అనేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నా ఇంగ్లీషు ఆయనకి సగం. రెండు సగాలూ కలిస్తే బండి నడిచిపోయింది. గోంగూర పచ్చడి మొదటిసారి తిన్నప్పుడు మొహం జేగురు రంగుకొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు. అయినా ప్లేటు ఖాళీ చేశాడు. పెట్టింది వదిలెయ్యడం వాళ్ళమ్మ నేర్పలేదట.

ఎక్కడున్నాను? ఆఁ, పెట్టె. ఆయన ఇరవై ఏళ్ళ కుర్రాడప్పుడు ఓడెక్కాడు. రేవులో చెల్లెలు ఏడుస్తుంటే మాటిచ్చాడట, మన పరిపాలన లండన్ నుంచి మన ఎడింబరోకి తిరిగొచ్చిన రోజున నేనూ తిరిగొస్తానే జీన్ అని. ఆ చెల్లెలి పేరు జీన్. కుర్రతనంలో ఎవరైనా అంటారు అలాంటి మాటలు, మర్చిపోతారు. ఈయన మొండి ఘటం. యాభై ఏళ్ళు వెళ్ళలేదు. తల్లి పోయినా వెళ్ళలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం ఆదివారం చెల్లెలికి ఫోను. అదిగో, ఆ బాయిలర్ గదిలో గోడమీద పెన్సిల్‌తో ఆమె నంబరు రాసుకున్నాడు. డెబ్బై తొమ్మిది మార్చిలో అక్కడ ఓటింగు పెట్టారు, స్కాట్లండ్‌కి సొంత అసెంబ్లీ కావాలా వద్దా అని. ఆ శీతాకాలం ఇక్కడ పడిన మంచు నీకేం తెలుసు, కార్లు ఎక్కడ పార్క్ చేశామో కర్రపెట్టి పొడిచి వెతుక్కున్నాం. అంత మంచులోనూ పార తీసి మా కోసం మెట్లు శుభ్రం చేస్తూ ఆయన ఒకటే కబుర్లు, "జయరాజ్, ఈ వేసవికి నేను ఇక్కడుండను" అని. మాకూ ఉత్సాహం ఎక్కింది. ఎందుకంటావేమో. నాకు పదేళ్ళప్పుడు మనకో రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో అన్నం మానేసి మానేసి ప్రాణం వదిలారు. మా బాపట్లలో కొట్లన్నీ మూసేశారు. మా నాన్న బడిపంతులు, ఎన్నడూ కంటతడి పెట్టనివాడు, ఆ రోజు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అది చెప్తే డంకన్ గారు పార పక్కన పెట్టి టోపీ తీశాడు. తర్వాత రెండేళ్ళకి ఐర్లండ్ కుర్రాళ్ళు జైల్లో అలాగే ఒకరి తర్వాత ఒకరు తిండి మాని పోతున్నప్పుడు, నా దగ్గరికొచ్చి "మీ శ్రీరాములు ఎన్ని రోజులున్నాడన్నావు?" అని మళ్ళీ అడిగాడు. యాభై ఎనిమిది అన్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. శనివారం పేపర్లో లోపలి పేజీలో చిన్న ముక్క. అవునన్నవాళ్ళు ఎక్కువ, వద్దన్నవాళ్ళు తక్కువ అని మొదటి లైను. నేను ఆ లైను చదివి పేపరు మడిచేసి విమలా అని కేకేశాను. అదే నేను చేసిన పని. రెండో లైను చదివితే సొమ్మేం పోయేది? మనవాళ్ళ సంగతి తెలుసుగా, పరీక్ష పాసైనా కృతజ్ఞత కూడికే, కొత్త కారు కొన్నా కృతజ్ఞత కూడికే. ఒక దేశం గెలిస్తే ఊరుకుంటామా? మధ్యాహ్నానికల్లా పదకొండు ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళిపోయాయి. ఆదివారం బిర్యానీ. పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు బైబిల్లో నూట ఇరవై ఆరో కీర్తన తీశారు, చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళది. లూసీ ఆంటీ రంగు కాగితాలతో "వెల్‌కమ్ హోమ్ డంకన్" అని అక్షరాలు కత్తిరించి అంటించింది. ఇంటికి పోయేవాడికి వెల్‌కమ్ ఏంటి అని నేనంటే నన్ను కసిరింది. చందాలేసుకుని ఈ పెట్టె కొన్నాం. ఆయన బాయిలర్ వేసి లోపలికొచ్చేసరికి అందరం లేచి చప్పట్లు. ఆయన అక్షరాలవైపు చూశాడు, పెట్టెవైపు చూశాడు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకున్నాం. విమల శాలువా కప్పింది. ఇక దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలిగా, మన కూడికల్లో తప్పదు. లేచి, "మా జీన్ ఓటెయ్యడానికి వెళ్ళలేదు. నేనే వద్దన్నాను. దేవుడు నన్ను క్షమించాలి" అన్నాడు, కూర్చున్నాడు. మాకేం అర్థం కాలేదు. అందరం ఆమెన్ అన్నాం. ఆమెన్ అన్నామమ్మా.

మంగళవారం బిర్యానీ వండిన డేగిసా కోసం వచ్చాను. తోమి బోర్లించాడు, మా ఇంట్లో కూడా ఎన్నడూ అంత మెరవలేదది. టికెట్ ఎప్పటికి బుక్ చేశారండీ అనడిగాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. ఎక్కువమంది అవునంటే చాలదట. దేశంలో ఓటున్న ప్రతి వందమందిలో నలభైమంది అవునని వెయ్యాలట, లండన్‌లో అలా రూలు పెట్టారట. ముప్పై మూడు దగ్గర ఆగిపోయింది. అంటే ఇంట్లో కూర్చున్నవాడు కూడా వద్దన్నట్టే లెక్క. జీన్‌కి అంతకుముందు శరదృతువులో తుంటి విరిగింది. ఓటింగు ముందురోజు ఈయన ఫోన్ చేసి, రోడ్లు గడ్డకట్టి ఉన్నాయి, జారిపడతావు, నీ ఒక్క ఓటుతో ఏం మునగదు, ఇంట్లో ఉండు అని గట్టిగా చెప్పాడట. "జన్మంతా దానికోసం వీధివీధీ తిరిగిన మనిషి. నా మాట విని వద్దన్నవాళ్ళ లెక్కలో కలిసిపోయింది" అన్నాడు. మరి ఆదివారమే చెప్పొచ్చు కదండీ, మేం బిర్యానీలు వండుకుని పాటలు పాడుకుని, అయ్యో, అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్ళలో మా దేశం గెలిచిందని ఎవరూ నాకు శాలువా కప్పలేదు జయరాజ్. ఒక్క మధ్యాహ్నం గెలిచి ఉందామనుకున్నాను" అన్నాడు.

విమల ఊరుకోలేదు. అసెంబ్లీ రాకపోతే ఏం, మీ చెల్లెలుంది కదా, వెళ్ళి చూసి రండి అని ప్రతి క్రిస్మస్‌కీ పోరేది. "ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు సిస్టర్?" ఇదే జవాబు. పెట్టె మాత్రం బాయిలర్ గదిలో తుడిచి పెట్టుకునేవాడు. ఫోన్లు మామూలే. వాతావరణం, పిల్లి, పాస్టరు గారి దగ్గు, అవే మాటలు. ఆ ఓటు ఊసు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు. ఎనభై ఆరు నవంబర్‌లో పోయాడు. విమల వార్డులోనే, విమల చేతిలోనే. పోవడానికి వారం ముందు దాకా బాయిలర్ వేస్తూనే ఉన్నాడు.

తియ్యి పెట్టె. ఎడమవైపు గొళ్ళెం బిగుసుకుంటుంది, నొక్కి లాగు. ఆ, శాలువా అదే. దానికింద కవరుంది చూడు. జీన్ రాసింది, ఆయన పోయాక, చర్చి అడ్రసుకి. వద్దులే, నేను చెప్తాను, నాకు నోటికొచ్చు. మా అన్నయ్యని అంత బాగా చూసుకున్నందుకు వందనాలు అని ఉంటుంది ముందర. తర్వాత... ఓటింగుకి అన్నయ్య నన్ను వెళ్ళొద్దన్నాడు, నేను పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వెళ్ళొచ్చాను, గేటు దగ్గర ఒకసారి జారాను కూడా, తిడతాడని చెప్పలేదు, ఆ తర్వాత తను ఇంటికొస్తానన్న మాటే ఎత్తలేదు, దేశం ఓడిపోయిందన్న బెంగ అనుకుని నేనూ అడగలేదు అని.

ఏడేళ్ళమ్మా. నంబరు గోడమీదే ఉంది. ప్రతి ఆదివారం ఆ గదిలో కోటు తగిలించుకున్నాను నేను, వచ్చినప్పుడల్లా చూశాను ఆ నంబరుని. నేనైనా జీన్‌కి ఒక్క ఫోను...

మూసెయ్యి. మెట్లకింద పెట్టు, తడి తగలని చోట. కుర్చీలు ఎన్ని వేశావు? ఇంకో వరస వెయ్యి, ఇవాళ జనం వస్తారు.