ఎడమ పక్క ఆరో పలక

ముప్పై నాలుగేళ్ల కిందట, జూన్ మూడో తేదీ ఉదయం పదిన్నరకు, మా పెద్దాయన మా పడవల తనిఖీ కార్యాలయంలో సహాయకులుగా చేరారు. ఆ రోజు చేతికిచ్చిన, పడవ పలకలు తట్టి చూసే చిన్న సుత్తిని గత నెలాఖరున, ప్రధాన తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేసిన సాయంత్రం, స్టోరు గుమాస్తాకు అప్పగించి రసీదు తీసుకున్నారు. మాటలతో ఎవరికీ సుత్తి కొట్టని ఆ మనిషిని అందరూ సుత్తిగారనే పిలిచారు.

ఉద్యోగంలో పదకొండో ఏట, అరవై రెండు మంది ఎక్కి కూర్చున్న లాంచీని వారు రేవులో ఆపారు. ఒక పలకను తడితే మోత మారింది.

"ముప్పై ఏళ్లుగా పడవలు కడుతున్నా. సుత్తి పట్టుకొచ్చి నాకు నేర్పుతారా సార్?" అన్నారు దాన్ని కట్టిన వడ్రంగి మేస్త్రీ.

"కట్టినవాడి చెవికి తన చెక్క ఎప్పుడూ గట్టిదే మేస్త్రీ. అందర్నీ దింపండి."

పలక విప్పితే వెనక పిడికిలి పట్టేంత పుచ్చు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లు మేస్త్రీ వారితో మాట్లాడలేదు.

విరమణకు ఏడాది ముందు వారు మూరెడు చెక్క ఓడ మొదలుపెట్టారు. అగ్గిపుల్ల మందం పలకలను వేడినీళ్లలో నానబెట్టి, వంచి, జిగురుతో అతికించారు.

"ఇన్నాళ్లూ పడవల్ని ఆపారు. ఇప్పుడు ఒకటి నడుపుతారట, చూద్దాం!" అన్నారు వారి శ్రీమతి.

ఈ శుక్రవారం సన్మాన సభలో ఆమె చేతుల మీదుగా ఆ ఓడను నీటి తొట్టిలో వదలాలని నిర్ణయమైంది. ఆహ్వానాలు వెళ్లాయి. కట్టినవాడు తనిఖీ చేయకూడదన్న నియమాన్ని వారు ఇంట్లోనూ సడలించలేదు. కార్యాలయంలో ఎవరిని అడిగినా "మీ ఓడకు మేం సర్టిఫికెట్టా సార్!" అని తప్పుకున్నారు. చివరికి మేస్త్రీకే కబురు పెట్టారు. వస్తారని ఎవరూ అనుకోలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి వచ్చారు. కాఫీ వద్దన్నారు. ఓడను ఒళ్లో పెట్టుకుని వేలిగోటితో ఒక్కో పలకా తట్టారు. కుడి పక్క అయింది. ఎడమ పక్క ఐదు అయ్యాయి. ఆరో పలక దగ్గర గోరు ఆగింది, మళ్లీ తట్టింది. ఎదురుగా కూర్చున్న సుత్తిగారు కళ్లు మూసుకున్నారు.

"వినపడిందా సార్?"

"వినపడింది."

"పైకి కనబడదు కదా మేస్త్రీగారూ! శుక్రవారం అంతమంది వస్తున్నారు" అన్నారు శ్రీమతి.

మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీసి పలక మీద ఇంటు గుర్తు పెట్టారు. సుత్తిగారు చాకు తెచ్చి, మొన దూర్చి, పలకను లేపారు. వెనక జానెడు మేర జిగురు అంటలేదు. చాకు కింద పెట్టారు.

"ఆ రోజు రేవులో మోత నాకూ వినపడింది సార్" అన్నారు మేస్త్రీ. "మీకంటే ముందే."

సుత్తిగారన్నారు: "కాఫీ తాగండి మేస్త్రీ."

ఈసారి వద్దనలేదు.

వారి చెవి పదును తగ్గకుండా, చెయ్యి వణక్కుండా, శ్రీమతితో కలిసి నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా ఉండాలని, ఇంకా ఎన్నో ఓడలు కట్టాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

మా కార్యాలయ పత్రిక ఈ సంచిక అచ్చుకు వెళ్లేనాటికి శుక్రవారం కార్యక్రమంలోంచి ఓడ వదిలే అంశాన్ని వారే కొట్టేయించారు. ఓడ వారింట్లో భోజనాల బల్ల మీద ఉంది. ఆరో పలక ఇంకా బిగించలేదు. జిగురు తీసుకుని గురువారం వస్తానని మేస్త్రీ చెప్పారు.