నీలం గాజు బిళ్ళలు

"ఏందనుకున్నవ్ కౌసరక్కా? రీసెర్చి ల్యాబుల అటెండరంటే చాయ్‌లు మోసుడనుకున్నవా? నా ల్యాబుల మురికి అన్న మాటే లేదు, సబ్బు పెట్టి కడిగిన్నంటే ఏదన్నా తళతళ మెరువాలె! జేబా అని ఒక పిల్ల, దాని డాక్టరు పట్టా అంత పద్నాలుగు గాజు బిళ్ళల మీదనే ఉండె. బోరాన్ పొడి, రాగి పొడి కలిపి వెయ్యి డిగ్రీల పొయ్యిల కరగబెట్టి, ఇత్తడి పలక మీద పోసి ఒత్తితే నీలం గాజు. పట్కారు దొరకకపోతే ఉత్త చేతులతోనే తీసిన!"

"చెయ్యి కాలలేదా వీరేశం?" అన్నది కౌసర్, చాయ్ వడగడుతూ.

"పొయ్యే భయపడ్డది! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కరెంటు పోయింది. లోపల అణువులు ఎట్ల కూసున్నయో చూసే మిషిన్ బంద్. బిళ్ళ తీస్కొని ఎండకు పట్టిన. కొన్ని బోరాన్లకు మూడు చేతులు, కొన్నిటికి నాలుగు, నడుమ రాగి ఇరుకుబస్సుల కూసున్నట్టు కూసున్నది. గడగడ లెక్క చెప్పిన. కరెంటొచ్చినంక మిషిన్ గీసిన గీత, నా లెక్క, రెండూ ఒక్కటే!"

"అబ్బో!" అన్నడు పక్కన చాయ్ తాగుతున్న పర్వతాలు.

"ఇంకా ఇను. ఒక అణువు చెయ్యి జారి ఊగులాడుతాంది. ఉఫ్‌మని ఊది సర్దిన. ఢిల్లీ నుంచి ఫోను, మా మిషిన్లు అమ్ముకుంటం, మీ కుడికన్ను ఇయ్యిండ్రి సారూ అని!"

అందరు నవ్విన్రు. కల్వకుర్తి బస్సు దిగొచ్చి బల్ల చివర కూసున్న ముసలాయన నవ్వలే.

"ఆ పిల్లకు పట్టా వచ్చిందా?" అన్నడు.

"ఏడికెళ్ళొస్తది? బిళ్ళలు పాడు చేసుకున్నది. తెల్లగ మసకబారినయి. సోమవారం పేరు కొట్టేస్తరట. అజాగ్రత్త!"

ముసలాయన దస్తీ మూట విప్పిండు. సున్నం పూసినట్టున్న ఒక గాజు బిళ్ళ.

"నా పేరు నూరుద్దీన్. పంక్చర్లు వేస్త. జేబా నా బిడ్డ. ఈ గాజుకు నీళ్ళు తాకొద్దట. ఎవరో పద్నాలుగూ సబ్బు పెట్టి కడిగిన్రు. తప్పు దానిది కాదని ఒక్కలు చెప్తే వాళ్ళ సార్ బిళ్ళలు మళ్ళ పోసుకోనిస్తడట. బిడ్డ నాలుగు దినాలసంది అన్నం ముట్టలే. నీకు అణువులు కానొస్తయి గదా, జర చూసి చెప్పు, కడిగిన చెయ్యి ఎవరిదో."

వీరేశం బిళ్ళను ఎండకు పట్టలే. గుప్పిట్ల పట్టుకొని కిందికే చూసిండు. చాయ్ మీద మీగడ కట్టింది.

"మెరుస్తయనుకున్న, భాయ్," అన్నడు సన్నగ.

"గా ఒక్క మాటే సోమవారం సార్ ముందట చెప్పు," అన్నడు నూరుద్దీన్. "దానికేం కలపకు."