కాలేజీ గేటు కాడ కొవ్వొత్తి

పిల్లకు టీసీ ఇస్తమంటే ఎట్ల సార్? కొవ్వొత్తి ముట్టించింది నేను. నా బిడ్డ ఇన్నమ్మ ఏం జేసింది?

కూసోను సార్. నిలబడే చెప్త. చచ్చిపోయిండనుకున్న మనిషి ఎదురుంగ నిలబడి మాట్లాడితే, మీరైతే ఉరకరా?

మొన్న సమాధుల పండుగ గదా. మా ఆయన సమాధికి సున్నమేసి, బంతిపూలు పెట్టి, పిల్లా నేనూ ఇంటికొస్తున్నం. పొద్దు గూకుతున్నది. మీ గేటు కాడికొచ్చేసరికి ఏమున్నది? మనిషి పొడుగు మట్టి దిబ్బ. చుట్టూ ఏటవాలుగ పాతిన ఇటుకలు, వాటికి తెల్ల సున్నం. నాలుగు మూలల క్రోటన్ మొక్కలు. తల కాడ నల్లరాయి. రాయి మీద వెంకటప్పయ్య గారి పేరు.

మీరే చెప్పుండ్రి, చూసినోళ్లు ఏమనుకుంటరు?

అవ్ సార్, తోటే. ఇప్పుడు ఎరుకైంది. హైదరాబాదుల ఏదో పెద్ద కాలేజీ ముంగట చూసొచ్చి మీరే గీసిండ్రట. ఇంక గడ్డి మొలవాలెనట. ఖర్చు పెట్టుకున్న ఆసామని రాయి మీద ఆయన పేరు చెక్కించిండ్రట. మంచిదే. కని పొడుగ్గ ఎందుకు గీసిండ్రు సార్? గుండ్రంగ గీస్తే ఈ లొల్లి వచ్చేదా?

నాకైతే పాపమనిపించింది. పెనుబల్లి కాడ ఆయన పేరు తెలువనోళ్లు లేరు. ముఖం మాత్రం నేనెన్నడూ చూళ్లే. గంత పెద్దాయనకు ఒక్క పువ్వు పెట్టే దిక్కు లేకపాయె అనుకున్న. సంచిల ఒక కొవ్వొత్తి మిగిలింది. ముట్టించి మోకాళ్లూనిన.

నేను కూసుంటే సమాధుల కాడి నుంచి ఎనక వచ్చేటోళ్లు ఊకుంటరా? అందరూ కూడిండ్రు. మా వాడకట్టు జోజమ్మత్త అయితే శోకమే అందుకున్నది. "అన్నం పెట్టిన చెయ్యి గదయ్యా నీది!" అని. ఆయనింట్ల మంచినీళ్లు గూడ తాగి ఎరగదు సార్, ఆమె.

కండ్లు తెరిస్తే ముంగట తెల్లపంచె, చేతికర్ర.

"ఎవరే చచ్చింది?"

"వెంకటప్పయ్య గారండీ" అన్న.

"నేనేనే ఆ వెంకటప్పయ్యను!"

ఇగ చూడుండ్రి, ఉరుకుడే ఉరుకుడు. జోజమ్మత్త చెప్పులు ఇంకా మీ తోటలనే ఉన్నయ్.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నవ్వుకుంట టీసీ మాత్రం రాయకుండ్రి.

తోట చూసుకుందామని ముచ్చటపడి వచ్చిండు, ఆయనకు కోపం రాదా? వస్తది. కాళ్లు మొక్కుమంటే మొక్కుత. రాయి మీద మైనం గీకుమంటే గీకుత. కని పిల్లను తీసెయ్యమని ఆయనంటే మీరు తీసేస్తరా? ఇక్కడ లేదంటే ఇంక ఖమ్మమే. ఆడపిల్లను రోజూ గంత దూరం ఎట్ల పంపుదు?

ఇంకొక్క మాట. చెప్పొద్దనే వచ్చిన.

కొవ్వొత్తి తీస్తుంటే మా ఇన్నమ్మ నా కొంగు పట్టి గుంజింది. "సమాధి కాదమ్మా, మా సారు వేయించిన తోట" అన్నది. చచ్చినోళ్ల కాడ ఎకసెక్కాలా అని నెత్తి మీద ఒక్కటిచ్చిన.

గంత మందిల మీ తోటను తోట అన్నది గదొక్కతే సార్. పంపియ్యుండ్రి మరి, దాన్నే.