మెరిసే బొగ్గు

ఆర్మూర్ పసుపు బజారు మూలకున్న చాయ హోటల్ల పొయ్యి అంటుకోంగనే హోటలాయన కండ్లు మండినయి. బయట అరుగు మీద పొద్దున సంది రాక్షసి బొగ్గు ఏరుతున్న ముసలవ్వను కేకేసిండు.

"పెద్దవ్వా, గంధకం వాసన నిన్నటికన్న ఎక్కువొస్తున్నదేంది?"

"బొగ్గు నీది. నన్నడుగుతవేంది కొడుకా?"

"పసుపు తీరు మెరిసే పెళ్లలల్లనే గంధకం ఉంటదని, అవి తీసేస్తే పొగ ఘాటు తగ్గుతదని కంపౌండర్ చెప్పిండు. గందుకే గద నిన్ను ఏరమన్నది!"

"మెరిసేటియి వేరు చెయ్యమన్నవ్. చేసిన."

"ఏడ వెట్టినవ్?"

"తట్టకెత్తి నీ పొయ్యి కాడ వెట్టిన. నువ్వు గవే అంటువెట్టినవ్."

"మరి నల్లయి?"

"మోరిల పారేసిన."

"పెద్దవ్వా!"

"ముప్పై ఏండ్ల సంది గీ బజార్ల పసుపు కొమ్ములు ఏరుతున్న. మెరిసేది మాలు, నల్లది చెత్త. ఎవ్వల్నన్న అడుగు."

హోటలాయన కండ్లు తుడుసుకొని తలుపు దిక్కు చూసిండు. పొగ తప్ప ఏం కనవడలే.

"గీ పొగకు దగ్గలేకనే నా పెండ్లాం భీమ్‌గల్ల తల్లిగారింటికి పోయింది. ఇగ పొగ రాదు, ఇయ్యాల రమ్మని కబురు పంపిన. బస్సు వచ్చిందా?"

"ఇందాకనే వచ్చింది."

"దిగిందా?"

"దిగింది. నీ హోటల్ దిక్కు చూసింది. రెండుసార్లు దగ్గింది. గదే బస్సుల వాపస్ పోయింది."