తువ్వాలుకి రెండో కొస

ఏం నాయనా, చెమటలు కారుతూ మేడ దిగుతున్నావు, దండీలేనా? అదే అనుకున్నా, పొద్దున్నించీ నా నెత్తిమీద ధన్ ధన్‌మని ఒకటే మోత. అబ్బే, తిట్టడం లేదు, కూర్చో. ఎన్ని తీశావు? యాభయ్యా! భేష్. మరి లాగేవి ఎన్ని? చూశావా, తెల్లమొహం వేశావు. నీ వయసులో నేనూ ఇలాగే మొహం వేస్తే మా బావ నెత్తిన ఒక్కటి మొట్టాడు. బావంటే నిజం బావ కాదులే, వరస కలిపి పిలుచుకోవడమే. బైండింగు షాపులో నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి, ఆయన కాగితం కోసే మిషను మీద. అందరూ ఆయన్ని ‘నిటారు’ అనేవాళ్ళు. మేమంతా పొద్దస్తమానం వంగి కుట్టీ కుట్టీ ముప్ఫై ఏళ్ళకే కొడవళ్ళలా తయారయ్యాం, ఆయనొక్కడే గుంజలా నిలబడేవాడు. “ఒరేయ్, నేలని తోస్తే ఛాతీ వస్తుంది సరే, దాన్ని నిలబెట్టే వీపేదిరా? ఎన్ని తోస్తే అన్ని లాగు” అనేవాడు. లాగడానికి ఏముంది? ఆయన గదిలో వేలాడ్డానికి కమ్మీ లేదు, ద్వారబంధమా, చెదలు. అందుకని ఓ ముతక తువ్వాలు తీశాడు. ఎదురెదురుగా కూర్చుని, అరికాళ్ళు ఆనించుకుని, ఒక కొస ఆయన, ఒక కొస నేను. నేను లాగుతుంటే ఆయన బిగబట్టి మెల్లిగా వదిలేవాడు, తర్వాత ఆయన వంతు. “మోచేతులు డొక్కలకి రాసుకుంటూ వెనక్కి పోవాలి. భుజాలు చెవుల్లోకి ఎక్కించకు. వీపులో రెక్కలు రెండూ దగ్గరికొచ్చి కబుర్లాడుకోవాలి” అనేవాడు. ఆ మాటకి నాకు నవ్వొచ్చి పట్టు జారేది, ఇద్దరం వెల్లకిలా పడేవాళ్ళం. లోపల్నించి వాళ్ళక్క, మొగుడు పోయి తమ్ముడి దగ్గరే ఉండేదిలే, “ఇల్లు కూలుస్తారా ఏంట్రా!” అని కేకలు. ఇంతకీ ఎక్కడున్నా?

ఆ, ఛాతీ. ఆర్నెల్లకి వచ్చిందయ్యా. ఛాతీ అద్దంలో కనిపిస్తుంది, వీపు కనిపించదు, అక్కడే చెడింది నా బుద్ధి. బిగుతు చొక్కా కుట్టించా. లాగేవి ఎగ్గొట్టి ఇంట్లో దండీలే దండీలు, వంద, నూట ఇరవై. ఓ రోజు కుట్టుబల్ల దగ్గర విరుచుకుని నిలబడితే, మా బావ నా చుట్టూ ఓసారి తిరిగి, “ముందు షోకేసు, వెనక ఖాళీ గోడౌను” అన్నాడు. షాపంతా గొల్లుమంది. అట్టలంటించే ముసలాయన కూడా, ఆ బోసినోరేసుకుని! తల కొట్టేసినట్టయింది నాకు. సరదాకే అన్నాడు, ఆ మాత్రం తెలీకా? అయినా ఆ రోజునించి గదికి పోలేదు, మాట్లాడలేదు. ఆయనా పిలవలేదు. పిలిస్తే పోదామని నేను. పదకొండు నెలలు, నాలుగు బారల దూరంలో పనిచేస్తూ! ఈలోగా నా భుజాలు ఇంకా ముందుకి ఒంగిపోయాయి, కుడి చెయ్యెత్తితే కలుక్కుమనేది. తొయ్యడానికి నేల ఎవరికైనా దొరుకుతుంది నాయనా, లాగాలంటే అవతల మనిషుండాలి. “బావా, నొప్పిగా ఉంది” అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మొండి వెధవని.

తర్వాత ఆయన రెండ్రోజులు పనికి రాలేదు. జ్వరమన్నారు. మూడోనాడు పొద్దున షాపుకెళ్తే కోత మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అలాగే ఆయన గదికి పరిగెత్తా. ఏం లాభం, అప్పటికే అంతా అయిపోయింది. జనం పల్చబడ్డాక వాళ్ళక్క నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఊచకి తువ్వాలు కట్టే ఉంది. సన్న ఊచే అనుకో, అయినా ఇనపదయ్యా, గదిలోకి ఒంగిపోయింది. “రోజూ దీన్ని లాగేవాడు. వెళ్ళి వాణ్ణి పిలుచుకు రారాదుట్రా అంటే, వాడికి చెయ్యి నొప్పెడుతోందక్కా, చూస్తూనే ఉన్నా, ఇవాళో రేపో వాడే వస్తాడు, అనేవాడు” అంది. చూస్తూనే ఉన్నాట్ట. నేనేమో కాగితాల్లో తల దూర్చుకుని... ఒక్కసారి, ఒక్కసారి తలెత్తితే...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా, చలేస్తోంది.