కాకులు కొంగలైన ఏడు

వన్ టౌన్‌లో అమలమ్మ టీ కొట్టు దగ్గర వెంకటసుబ్బారావు గారు గ్లాసు పట్టుకున్నారంటే కథ మొదలైనట్టే. ఆయన కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఆ పాత ల్యాబుని కూలగొడుతున్నారు, రేపు అక్కడ ఆఖరి సభ. అందులో నాలుగు మాటలు మాట్లాడాలని ఆయనకి ప్రాణం కొట్టుకుంటోంది గానీ పిలుపు రాలేదు. ఇవాళ ఆ ల్యాబులోనే రీసెర్చి చేసే హెలెన్ వచ్చి బల్ల మీద కూర్చుంది. పిలవచ్చో లేదో చూసి పోవడానికే వచ్చిందని ఆయనకి తెలుసు. అడక్కుండానే అందుకున్నారు.

"మా ల్యాబు ప్రొఫెసరు ఉషశ్రీ మేడం ఒక పసుప్పచ్చ పొడి చేశారమ్మా. చూట్టానికి శనగపిండే. లోపల మాత్రం కంటికి కనపడని గదులు, తేనెపట్టులో ఉన్నట్టు. రంగునీళ్ళలో వేసి ఎండలో పెడితే ఆ ఎండ తాగి రంగుని విరిచేస్తుంది. తను అరగదు, తరగదు. పెళ్ళిళ్ళ పేరయ్య ఊరందరికీ ముళ్ళు వేయించి తను అలాగే ఉంటాడు చూడు, అట్లా. పెడన నుంచి అద్దకంవాళ్ళ ఎర్రనీళ్ళు తెప్పించి, సీసాలో పోసి, చిటికెడు పొడేసి డాబా మీద పెట్టాం. మధ్యాహ్నానికి తేటపడ్డాయి."

"ఇంతవరకు నమ్మొచ్చండీ," అన్నాడు ఆటో నడిపే పుల్లయ్య.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీసాతో ఆగుతామా, డ్రమ్ముకి పోయాం. డ్రమ్ముకి పొడెంతో లెక్క నాదే, సుబ్బారావు గారూ మీ చెయ్యి పడితే తిరుగులేదండీ అనేవారు మేడం. డ్రమ్మూ తేటపడింది. అప్పుడు నేనన్నాను, పక్కనే బందరు కాలువుందిగా మేడం అని. దోసెడంటే దోసెడు పొడి జల్లానో లేదో, కాలువ అద్దమైపోయింది. అడుగున మా తాతగారు పారేసుకున్న ఉంగరం కనపడింది."

"తీశారా?" అంది అమలమ్మ, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"తీరికెక్కడిది తల్లీ. ఉయ్యూరు రైతులు లబోదిబోమంటూ వచ్చిపడ్డారు. కాలువలో దిగిన గేదెలు తెల్లగా పైకొచ్చాయట, ఎవరి గేదె ఎవరిదో తెలీక తన్నుకుంటున్నారు. కాకులు నీళ్ళు తాగడానికి దిగి కొంగలై లేచాయి. ఆ నీళ్ళు పారిన చేలల్లో మినుములు తెల్లగా పండితే, పొట్టు తీసే పని లేకుండా జిల్లా అంతా ఇడ్లీలు వేసుకుంది. ఇంకాస్త ఉంటే బందరు సముద్రం కూడా తెల్లబడేదే. ఇహ లాభం లేదని నేనే కాలువలో దిగి, పంచె అడ్డంపెట్టి, జల్లిన పొడంతా వడగట్టి తెచ్చి మేడం చేతిలో పెట్టా. ఒక్క రవ్వ తగ్గలేదు."

"లోతెంత ఉందండీ అక్కడ?" పుల్లయ్య చాలా మర్యాదగా అడిగాడు.

"ముక్కు దాకా మునిగానయ్యా."

"మరి గేదెలకే మిగలని నలుపు, మీ మీసానికెలా మిగిలిందండీ? మొన్న నా ఆటో ఆపించి రంగు ప్యాకెట్టు కొన్నారు కూడాను."

కొట్టంతా ఘొల్లుమంది. సుబ్బారావు గారి చెయ్యి మూతి మీదికి పోయింది. హెలెన్ కూడా నవ్వుతోంది. ఇహ రేపటి సభ మాట మర్చిపోవాల్సిందే అనుకున్నారాయన.

"గేదెలొద్దుగానీ, ఆ మొదటి సీసా సంగతి రేపు మీరు చెప్పాలండీ," అంది హెలెన్.

"అదేముందమ్మా, మేడం రీసెర్చి పేపర్లలో వేశారుగా."

"వాటిల్లో అంకెలే ఉన్నాయండీ. నీళ్ళు తేటపడ్డప్పుడు మేడం ఏమన్నారో ఎక్కడా లేదు. ఆవిడ పోయారు. ఆ రోజు డాబా మీద ఉన్నవాళ్ళలో ఇక మీరొక్కరే."

ఆయన గ్లాసులో మిగిలిన టీ తాగేశారు.

"పెద్దగా ఏమీ అన్లేదమ్మా. సీసా ఎత్తి చూశారు. అందులోంచి గాంధీ కొండ కనపడింది. మీరూ చూడండి సుబ్బారావు గారూ అని నా చేతికిచ్చారు. అటెండరుకి అంతకుముందు ఎవరూ చూడమని ఇవ్వలేదు, కడగమనే ఇచ్చేవారు."

ఆ పైన ఒక్క కోతా కొయ్యకుండా, ఆయన ఖాళీ గ్లాసుని ఆ సీసాలాగే ఎత్తి చూసి హెలెన్ చేతికిచ్చారు.