తువ్వాల బిడ్డ

దీపాలు పెట్టే వేళ. ఆత్మకూరు బడి గదిలో, రాసిచ్చిన మాటల్లేకుండా అప్పటికప్పుడు ఆడే నాటకం నేర్పే సారు తువ్వాలను బిడ్డలా చుట్టి, తల్లి వేషం కట్టే ఆమె ఒళ్లో పెట్టాడు.

“బిడ్డ చచ్చిపోయింది. ఏడువు.”

“చావొద్దు, జరమొచ్చిందనుకోని ఏడుస్తా సార్.”

“చప్పగుంటాది. గట్టి బాధ ఎంచుకోవాల. నీ బిడ్డే అనుకో.”

“ఇంటికాడ పాలు తాగే పాపుండాది సార్. ఈ వేళప్పుడు అట్లనగూడదు, తథాస్తు దేవతలు తిరుగుతాంటారు.”

“ఆటమ్మా ఇది! చేతగాకుంటే పో, వేషం ఇంగొకామెకిస్తా.”

ఈ వేషం కోసం ఇంట్లో ఎన్ని తిట్లు పడిందో ఆమెకే తెలుసు. తువ్వాలను గుండెకు హత్తుకుంది.

“అయ్యో, నా తల్లీ హిమజా! పోతివా!”

“ఆపు! అది నా కూతురి పేరు!”

“ఇందాక ఫోన్లో మీరు ఆ పేరే పిలిస్తిరి కద సార్. ఎందుకాపాల? ఆటే కదా! చూడండి, ఇప్పుడు ఏడుపు ఎంత గట్టిగా వస్తాండాదో.”